బెట్ట తోటలో పాట

"ఒక్క చుక్క అన్నవు గద బిడ్డా. పాదులు నిండినయ్" అన్నాడు వెంకటయ్య.

అంతకు మించి అనలేదు. చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, బత్తాయి చెట్ల నడుమ నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరిచే మనిషిని సముదాయించడం ఇరవై రెండేళ్ళ కాపురంలో సుహాసినికి చేతనైన విద్యే. ఊరుకునే మామగారితో ఏం చేయాలో బి.ఎస్సీలో గానీ అత్తగారింట్లో గానీ ఎవరూ చెప్పలేదు.

తోట తూర్పు సగం తడిసిపోయింది. ఇరవై ఎనిమిది రోజులుగా నీటి మొహం చూడని ఎర్రనేల చప్పుడు చేస్తూ తాగుతోంది. పడమటి సగం మాత్రం ఎండి, ఆకులు దొప్పల్లా ముడుచుకుని, తనకేమీ తెలియనట్టు నిలబడి ఉంది.

ఆ రెండు సగాల మధ్య ఖాళీ జాగాలో వెదురు బొంగుల స్టేజీ. దాని మీద డ్రమ్ములు, నల్లటి స్పీకర్లు, ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ తెలియని వైర్లు. వాటి వెనక బేస్ గిటార్ మెడలో వేసుకుని సుహాసిని కూతురు నిహారిక, ఆమె పక్కన పాడే పిల్ల గ్లోరీ, మరో పదిమంది పిల్లలు. రేపు పొద్దున పది నుంచి పొద్దుగూకే దాకా ఇక్కడ ఆరు బ్యాండ్లు పాడాలి. రెండు వందల మంది వచ్చి నేల మీద కూర్చుని వినాలి. 'ఎర్రమట్టి' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పేరు సగం తోటకే సరిపోతుంది. మిగతా సగం బురద.

బత్తాయికి నలభై రోజుల బెట్ట పెట్టాలి. చెట్టు దాహంతో ఎండాలి. తెల్లవారుజామున మంచు పడ్డా ఆకు విచ్చుకోని స్థితికి రావాలి. అప్పుడు నీళ్ళు వదిలితే తోట తోటంతా ఒక్కసారి పూస్తుంది. నడుమ తడి తగిలిందంటే పూత చెదురుతుంది, దానితో ఏడాది పంటా చెదురుతుంది. ఆ నలభై రోజులూ వెంకటయ్య కల్లు ముట్టడు. "చెట్టు తాగనప్పుడు నేనేం తాగుత" అంటాడు. కేతేపల్లి చుట్టుపక్కల దీన్ని భక్తి అంటారు. ఇంట్లో వాళ్ళు దీన్ని చిరాకు అంటారు.

అలాంటి రోజుల్లో తోటలో రాక్ పాటలంటే ఆయన ఒప్పుకోవడమే విడ్డూరం. ఒప్పించింది సుహాసిని. "తోటకు ఒక్క చుక్క నీళ్ళు పోయినా పాట బంద్, మామయ్యా. పూచీ నాది" అంది. ఆయన మారు మాట్లాడకుండా మోటారు డబ్బాలోంచి మూడు ఫ్యూజులూ పీకి, దస్తీలో మూటగట్టి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఈ నెలలో ముహూర్తాలు లేవు కనుక అంతకు మించిన భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.

ఇప్పుడా మూడు ఫ్యూజులూ మోటారు డబ్బాలోనే ఉన్నాయి.

వెంకటయ్య గట్టెక్కి వచ్చి వాటిని ఒక్కొక్కటే పీకాడు. ఎడమ వైపుది పీకినప్పుడు ఏదో తళుక్కుమని కింద పడింది. వంగి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఫీజులు ఎవరు పెట్టిన్రు?"

డ్రమ్ముల పిల్లవాడు గిటార్ పిల్లవాడి వైపు చూశాడు. గిటార్ పిల్లవాడు ఆకాశం వైపు చూశాడు.

సుహాసిని మాత్రం డబ్బా వైపు చూసింది. తుప్పు పట్టిన మూత మీద బొటనవేలితో అద్దిన పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు. పసుపు ఇంకా ఆరలేదు.

మోటారుకు పసుపు పెట్టకుండా ఆ ఇంట్లో స్విచ్చి వేయని మనిషి ఒక్కతే.

అరగంట నుంచి "నేను ముందే చెప్పిన, గీ డబడబలు మనకొద్దని చెప్పిన, ఇంటే గద" అని ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్న ఆ మనిషి, అత్తగారు అండాలు, ఫ్యూజుల మాట వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే, మామయ్యా" అంది సుహాసిని.

"నువ్వా?"

"ఆ."

వెంకటయ్య ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫ్యూజులను దస్తీలో మూటగట్టి, ఈసారి తన మొలలోనే దోపుకున్నాడు.

"షరతు నువ్వు పెట్టినవ్, నేను గాదు. వచ్చెటోళ్ళకు రేపు ఏడింటికల్లా చెప్పుండ్రి, ఉత్తగ పెట్రోలు కాల్చుకోని రావద్దని."

తడి కాళ్ళతో ఇంటి వైపు నడిచిపోయాడు. ఆయన వెళ్ళిన దారి పొడుగునా ఎర్రటి అడుగులు పడ్డాయి.

*

వంటింట్లో అత్తాకోడళ్ళు చెరొక పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. పాట ఉన్నా లేకపోయినా వచ్చిన పిల్లలకు బువ్వ పెట్టాలి. కళ్ళ నీళ్ళకు ఉల్లిగడ్డ మంచి సాకు కనుక ఇద్దరూ ఆ పని వదలడం లేదు.

"పసుపు మంచిగ పెట్టినవ్ అత్తమ్మా" అంది సుహాసిని.

కత్తిపీట మీద అండాలు చేయి ఆగింది. మళ్ళీ కదిలింది.

"బీరువా తాళంచెవి యాడిది?" అని అడిగింది సుహాసిని.

"బియ్యం డబ్బాల పెడ్తవ్. నాకు తెల్వదా? నేను బియ్యం ఏరుతలేనా?"

"మరి చీరలు?"

"మల్ల మడత పెట్టిన. నీకంటె మంచిగనే పెట్టిన."

అది నిజమే. తన చీరల మడత ఎప్పుడూ అంత తీరుగా ఉండదని సుహాసిని మనసులోనే ఒప్పుకుంది.

"ఎందుకు పెట్టినవ్?"

"గా పిల్లలు బస్సు దిగి వచ్చిన్రు. చెవుల దాక దుమ్ము. ఒక్కలకు కాళ్ళు కడుక్కుందామంటె చెంబు నీళ్ళు లేవు. ఇంటికొచ్చినోళ్ళు గట్లుంటె నాకెట్ల మనసొప్పుతది? పావు గంట మోటరు పెట్టి తొట్టి నింపుదామనుకున్న."

"వాల్వు తొట్టి దిక్కు తిప్పాలె గద."

"తిప్పాలె. మర్చిపోయిన."

"పావు గంటకు బంద్ చెయ్యాలె గద."

అండాలు తరిగిన ముక్కలను ఒక పక్కకు నెట్టి, తరగని ఉల్లిగడ్డను చేతిలో తిప్పుతూ కూర్చుంది. బయట ఎవరో గిటార్‌ను కేసులో పెడుతున్నారు. ఒక తీగ పొరపాటున మోగి, చాలాసేపు ఆగకుండా గాలిలో తిరిగింది.

"గా గ్లోరీ పిల్లది ఆలేరంట" అంది అండాలు, ఆ మోత ఆగాక. "మా తల్లిగారి ఊరే గద. టేషను ఎనక ఇల్లంట. గూడ్సు బండి మీద పాట కట్టింది చూడు..."

పాడలేదు. అప్పజెప్పినట్టు చెప్పింది.

"గూడ్సు బండీ గూడ్సు బండీ, ఎన్ని పెట్టెలే నీకు... లెక్కపెట్టి లెక్కపెట్టి పెద్దదాన్నయిపోయిన."

"మంచిగుంది" అంది సుహాసిని.

"నేను గూడ లెక్కపెట్టేదాన్ని. పట్టాల పక్కన నిలబడి. యాభై ఎనిమిది దాక వచ్చేది, గప్పుడు మా అమ్మ పిలిచేది, లెక్క తప్పేది. గీ పిల్లకెట్ల తెలిసిందో." అండాలు గొంతు తగ్గించింది. "మల్ల నన్ను మైకు కాడికి రమ్మన్నది. హలో అనమన్నది. వద్దన్న. చెయ్యి వట్టి గుంజుకపోయింది. అన్న. అంటే నా గొంతు గా గుట్టకు తాకి మల్ల నా కాడికే వచ్చింది. నాదేనా అనిపిచ్చింది. ఇంట్ల ఎంత ఒర్రినా పక్కింటి దాక పోదు నా గొంతు."

అది నిజం కాదని పక్కింటివాళ్ళు సాక్ష్యం చెప్పగలరు.

"గట్ల కూసున్న. మోటరు యాదికి లేదు, పొయ్యి మీద పప్పు యాదికి లేదు. పప్పు గూడ మాడింది. పారబోసిన."

"మామయ్యకు చెప్పు అత్తమ్మా. గింతే గద. గిట్లనే చెప్పు."

"చెప్ప."

"కోపం చేస్తడు. రెండు రోజులు. అంతే గద."

"కోపం చేస్తే పడ్త. నలభై ఎనిమిదేండ్లు పడలేదా? నవ్వుతడు." అండాలు కళ్ళెత్తింది. "నెల రోజులు నేను వద్దన్న పాట అది. డబడబలన్న, దయ్యాల మోతన్న. గా దయ్యాల మోతకు నేనే కూసుండిపోయిన అంటే నవ్వుతడు. సచ్చేదాక నవ్వుతడు. నవ్వితే నేను పడ."

"మరి రేపు పిల్లల పాట?"

అండాలు ఉల్లిగడ్డను కత్తిపీట మీద పెట్టింది. ఈసారి ఆమె కళ్ళలో నీళ్ళు ఉల్లిగడ్డ కంటే ముందే వచ్చాయి.

"నువ్వు జెరంత మోసినవ్ గద. ఇంక జెరంత మోయి బిడ్డా" అంది.

*

సాయంకాలం వెలుతురు బత్తాయి చెట్ల మీద తేనె రంగులో పడింది. హైవే మీద లారీల మోత దూరం నుంచి ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుగా వినిపిస్తోంది. స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకుని నిహారిక ఫోన్ పట్టుకుని కూర్చుంది. 'రేపటి ఎర్రమట్టి రద్దు' అని రాసింది. పంపలేదు.

"మమ్మీ, ఒక్కటి చెప్పు. ఎందుకు పెట్టినవ్?"

"తొట్టి నింపుదామని."

"తొట్టికి వాల్వు తిప్పాలని నీకు తెల్వదా? నాకే తెలుసు."

"మర్చిపోయిన."

"నువ్వా? గ్యాస్ సిలిండర్ ఏ తారీఖు మార్చినవో కూడ చెప్తవ్ నువ్వు." నిహారిక ఫోన్ తల్లి వైపు తిప్పింది. "పాలమూరు బ్యాండు వాళ్ళు రేపు నాలుగింటికే బండెక్కుతరు. హైదరాబాద్ వాళ్ళు ఏడున్నరకు చిట్యాలలో చాయ్‌కి ఆగుతరు. ఏడింటికి ఏమని పంపాలె? మా అమ్మ మర్చిపోయిందనా?"

సుహాసిని పక్కన కూర్చోబోయింది. కూతురు గిటార్‌ను తీసి ఆ ఖాళీలో పెట్టింది. గిటార్ అవతల తల్లి, ఇవతల కూతురు.

అప్పుడే బడి నుంచి వచ్చిన సుహాసిని భర్త దివాకర్ మోటారు సైకిల్ దిగకుండానే సంగతంతా విన్నాడు. ఆయన లెక్కల మాస్టారు. తండ్రి, తల్లి, భార్య, కూతురు అందరితోనూ బంధుత్వం ఉన్నవాడు.

"నాయిన అన్నది కరెక్టే" అన్నాడు. కొంచెం ఆలోచించి, "నిహారిక అన్నది గూడ కరెక్టే" అన్నాడు. భార్య మొహం చూసి, "జర నేను చాయ్ తాగొస్త" అని వెళ్ళిపోయాడు.

తూర్పు వరుసలో గ్లోరీ ఒక చెట్టు కింద అరచేయి పెట్టి నిలబడి ఉంది.

"ఆంటీ, ఇట్ల రండి. ఇవి లేస్తున్నయ్."

సుహాసిని వెళ్ళి చూసింది. మధ్యాహ్నం దాకా దొప్పల్లా ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. కంటికి కనిపించే కదలిక కాదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే తెలుస్తుంది, అంతే. ఎన్నో రోజుల తర్వాత పిడికిలి వదిలిన చేతుల్లా ఉన్నాయి. తడిమట్టి వాసన మోకాళ్ళ ఎత్తున తేలుతోంది. కాలేజీలో ఆకు రంధ్రాల బొమ్మ గీసి పదికి తొమ్మిది తెచ్చుకుంది కానీ, ఆ బొమ్మలో ఈ నెమ్మది లేదు.

"అందంగ ఉన్నయ్ కదా" అంది గ్లోరీ.

"ఉన్నయ్" అంది సుహాసిని. "గదే కష్టం."

*

తెల్లవారి ఆరున్నరకు పొగమంచులో తోట మొత్తం తేలుతున్నట్టుంది. పది అడుగుల అవతల చెట్టు కనిపించదు, మోకాళ్ళ కింద నేల కనిపించదు. ఆ తెల్లదనంలో ఒక టోపీ, ఒక కంబళి కనిపించాయి. వెంకటయ్య తూర్పు వరుసలో ఆకులు తాకి చూస్తున్నాడు.

సుహాసిని రాత్రంతా కూడగట్టుకున్న మాటలను నోట్లో పెట్టుకుని వెళ్ళింది. అవి బయటికి రాకముందే ఆయన అందుకున్నాడు.

"బిడ్డా, ఎడమ దిక్కు ఫీజు ఎట్ల పెట్టినవ్?"

"ఎట్ల అంటే... పెట్టిన. గట్టిగ వత్తిన."

"వత్తితే అంటుకోదది. వదులు. బిస్కట్ పూడాల ఉండే ఎండి కాగితం నాలుగు మడతలు పెట్టి ఇరికిస్తెనే అంటుకుంటది." జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మడతల వెండి కాగితం, మీద ఇంత పసుపు. "నిన్న పీకుతాంటె కింద పడ్డది. గీ ముచ్చట తెలిసినోళ్ళం ఇంట్ల ఇద్దరమే. నేను పెట్టలే."

సుహాసిని కాగితం మీది పసుపు వైపు చూసింది.

"నిన్ననే అనొచ్చు గద మామయ్యా."

"ఆమె అంటదేమోనని చూసిన. రాత్రి బువ్వ పెట్టింది, మజ్జిగ పోసింది, దుప్పటి ఇచ్చింది. అనలే." ఆయన ఇంకో ఆకు తాకాడు. "నీళ్ళ ఫికర్ కాదు బిడ్డా నాది. నువ్వు మీదేసుకున్నవ్, ఆమె ఏసుకోనిచ్చింది. గిట్ల ఒకరిది ఒకరు మోస్తాంటె నేను ఎవర్ని కోపం చెయ్యాలె? ఎవరి మాట నమ్మాలె?"

"తప్పే, మామయ్యా."

"ఆమె నోటితోని ఆమె చెప్తే పాట ఉంటది. లేకుంటె లేదు. నువ్వు పొయ్యి చెవుల ఊదకు."

సుహాసిని ఫోన్ చూసుకుంది. ఆరు నలభై.

ఇద్దరూ నడుచుకుంటూ రెండు సగాల నడుమకు వచ్చి ఆగారు. మంచులో ఒక పక్క విచ్చుకున్న ఆకులు, ఒక పక్క ముడుచుకున్న ఆకులు.

"ఇవి తాగినయ్, అవి తాగలే" అన్నాడు వెంకటయ్య, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "అటు గూడ వదిలితే పన్నెండు రోజులు తక్కువైనా తోట ఒక్కతీరుగుంటది. పూస్తదో పూయదో దేవునికెరుక. వదలకుంటె సగమన్న దక్కుతది. గని ఒక్క తోట రెండు తోటలైతది. ఏం చెయ్యాలెనో తెలుస్తలేదు."

ఎక్కడో జనరేటర్ స్టార్టయింది. స్టేజీ ఉన్న దిక్కున స్పీకర్లు ఒకసారి గురక పెట్టినట్టు మోగి ఊరుకున్నాయి. ఎవరో మైకు మీద వేలితో కొట్టారు. ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు మంచులోంచి తోటంతా నడిచి, గుట్ట దాకా వెళ్ళి, తిరిగొచ్చింది.

"హలో" అంది అండాలు.

వెంకటయ్య చేతిలో కొమ్మ వదిలేశాడు.

"ఏమయ్యా, ఇంటున్నవా? యాడున్నవో కనవడ్తలేవు. కనవడకుంటెనే మంచిగుంది. నిన్న మోటరు పెట్టింది నేను. కోడలు కాదు. తొట్టి నింపుదామని పెట్టిన. గీ పిల్ల పాట ఇనుకుంట మోటరు మర్చిపోయిన. పాట మంచిగుండె. గంతే."

కొండంత గొంతు. అందులో చిన్న వణుకు కూడా కొండంతే వినిపించింది.

సుహాసిని మామగారి మొహం చూడలేదు. ఆయన మొలలోంచి దస్తీ మూట తీయడం మాత్రం చూసింది. ముడి విప్పి, మూడు ఫ్యూజులూ, వెండి కాగితంతో సహా, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇగో బిడ్డా, పట్టు. ఇవి నీ కాడనే ఉండాలె. ఇగ పడమటి దిక్కు..."

"నవ్వుతున్నవా?" అన్నాయి స్పీకర్లు.

వెంకటయ్య ఉలిక్కిపడ్డాడు. నిజంగానే ఆయన మీసం కింద ఏదో మొదలైంది.

"నవ్వుతనే ఉంటవ్, నాకు తెల్వదా? నవ్వినవంటె గీ మైకుల్నే చెప్త. మన పెండ్లయిన ఏడాది, మీ నాయిన తోట బెట్టల ఉంటె, కల్లు తాగి మోటరు బంద్ చెయ్యకుంట కట్ట మీద పండుకున్నది ఎవరు? తెల్లారి తప్పు జీతగాని మీద ఏసింది ఎవరు? మీ నాయినకు నేను చెప్పిన్నా? ఇయ్యాల్టి దాక ఎవ్వరికన్న చెప్పిన్నా?"

జీతగాని మీద అన్న మాట గుట్టకు తాకి రెండోసారి కూడా వినిపించింది.

ఇరవై రెండేళ్ళుగా భక్తి అని ఊరు, చిరాకు అని ఇల్లు అనుకున్న ఆ నలభై రోజుల కల్లు మానడం ఏమిటో సుహాసినికి అప్పుడు అర్థమైంది. మామగారి వైపు చూసింది. మీసం కింద మొదలైంది అక్కడే ఆగిపోయి ఉంది.

"గా జీతగాని పేరు గూడ చెప్పన్నా?" అంది అండాలు, మంచు నాలుగు దిక్కుల నుంచీ.

"ఏయ్! బంద్ చెయ్యుండ్రి గా మైకు!"

మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా మెట్టెక్కని మనిషి, చెప్పులు అక్కడే వదిలేసి, పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. కాసేపు కంబళి కనిపించింది, తర్వాత టోపీ, తర్వాత తెల్లటి మంచు మాత్రమే.

సుహాసిని రెండు తోటల నడుమ ఒక్కతే మిగిలింది. ఫోన్ మోగింది. నిహారిక.

"మమ్మీ, ఏడైతుంది. పంపాల్నా, వద్దా?"

"వద్దు. పాట ఉంది" అంది సుహాసిని.

ఫోన్ పెట్టేసి గుప్పిట తెరిచింది. మూడు ఫ్యూజులు, నాలుగు మడతల కాగితం. పడమటి వరుసలో ముడుచుకున్న ఆకుల కొసల నుంచి మంచు ఒక్కో బొట్టుగా కారుతోంది. వాటికి నీళ్ళు వదలమన్నాడో వద్దన్నాడో, ఆ మాట మాత్రం ఆయన తనతోనే పట్టుకుని పరుగెత్తాడు.